గుడ్డు వచ్చాక తల్లీ తండ్రీ వెళ్ళిపోతారు

పోయిన నెల పాత చేతి ఆటల గురించి రాస్తూ, చివర్లో 'డ్రాగన్ వారియర్ మాన్‌స్టర్స్' అని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే ఉన్నాయి. చాలా సంతోషం, ఎందుకంటే దాని గురించి ఎవరైనా అడిగితే బాగుండునని నేను ఏళ్ళ తరబడి అనుకుంటున్నాను. అందుకే ఈసారి వేరే ఆటల ఊసు లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది గేమ్‌బాయ్ కలర్ అనే, చేతిలో పట్టుకుని ఆడే చిన్న మిషన్ కోసం చేసిన ఆట. జపాన్‌లో 1998 సెప్టెంబరులో, అమెరికాలో 2000 జనవరిలో వచ్చింది. టెర్రీ అనే కుర్రాడి అక్కని ఒక రాత్రి ఓ వింత జీవి ఎత్తుకుపోతుంది. ఆమెను వెతుక్కుంటూ వాడు ఒక మహావృక్షం లోపలున్న రాజ్యానికి చేరతాడు. అక్కడ మాన్‌స్టర్లని పెంచి పోటీలో గెలిచినవాళ్ళకి ఒక కోరిక తీరుతుంది. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

అన్నయ్యా, మీరు అంతగా చెప్పారని మా హాస్టల్లో నలుగురం కూర్చుని వీడియోలు చూశాం. మాన్‌స్టర్ని పట్టుకో, పెంచు, కొట్టించు. ఇది పోకెమాన్‌కి కాపీయే కదా? మా రూమ్మేట్‌తో పందెం కూడా కాశాను, కాస్త తేల్చి చెప్పండి.
– ఇంజినీరింగ్ విద్యార్థి, రాజాం

పందెం ఓడిపోయావు తమ్ముడూ. అయితే నీ మాటలో కొంత నిజం ఉంది, ముందు అది చెప్తాను. 1996లో పోకెమాన్ వచ్చి జపాన్‌ని ఊపేశాక, చాలా చేతి ఆటల కంపెనీలు ఆ దారి పట్టాయి. ఎనిక్స్ అనే జపాన్ కంపెనీ కూడా ఆ గాలి చూసే ఈ ఆటని గేమ్‌బాయ్ మీదకి తెచ్చింది, అది కాదనలేం.

కానీ మాన్‌స్టర్ని మన పక్షానికి తెచ్చుకోవడమనే ఆలోచన ఎక్కడిది? 1987లోనే మెగామి టెన్సెయ్ అనే ఆటలో దయ్యాలతో మాట్లాడి, బేరమాడి, మన జట్టులో చేర్చుకునేవాళ్ళు. ఎనిక్స్ వాళ్ళదే డ్రాగన్ క్వెస్ట్ అనే ఆటల వరస ఉంది, 1992లో వచ్చిన దాని ఐదో భాగంలో ఓడిపోయిన మాన్‌స్టర్ లేచి, నన్నూ తీసుకుపో అన్నట్టు మన వెంట వచ్చేది. అంటే పోకెమాన్ కంటే నాలుగేళ్ళ ముందు. మనం మాట్లాడుకుంటున్న ఆట ఆ ఇంటి బిడ్డే. డ్రాగన్ క్వెస్ట్ పేరు మీద అమెరికాలో అప్పటికే వేరే ఆట ఉండటం వల్ల అక్కడ డ్రాగన్ వారియర్ అని పిలిచారు, అంతే తేడా. టెర్రీ కూడా కొత్తవాడు కాదు, ఆరో భాగంలో పెద్దవాడిగా కనిపించే కత్తివీరుడే. ఇది వాడి చిన్నప్పటి కథ.

ఇంకో సంగతి చెప్తే మీ రూమ్మేట్ ఎగిరి గంతేస్తాడు. రెండు మాన్‌స్టర్లని జత కట్టించి గుడ్డు తీసుకోవడం పోకెమాన్‌లోకి వచ్చింది గోల్డ్, సిల్వర్ ఆటలతో, 1999 నవంబరులో. ఇక్కడ అది 1998 సెప్టెంబరుకే ఉంది. పైగా పక్కన పెట్టిన సరదా కాదు, ఆటంతా దాని మీదే నిలబడింది. మొత్తం 215 మాన్‌స్టర్లు, పది కుటుంబాలు: స్లైమ్, డ్రాగన్, మృగం, పక్షి, మొక్క, పురుగు, దయ్యం, శవం, వస్తువు, ఇవి కాక మూడు ప్రశ్నార్థకాలతో రాసే ఒక రహస్య కుటుంబం. ఏ కుటుంబాన్ని ఏ కుటుంబంతో కలిపితే ఏం పుడుతుందో కనిపెట్టడమే అసలు ఆట.

ఎవరు ఎవర్ని చూసి చేశారన్న లెక్క పక్కన పెట్టి, ఒక్క స్లైమ్‌ని దగ్గరగా చూడమని మీ నలుగురికీ నా విన్నపం. నీలం రంగు ఉల్లిపాయకి రెండు గుండ్రటి కళ్ళు, చెవి నుంచి చెవి దాకా నవ్వు పెట్టినట్టుంటుంది. జపాన్ చిత్రకారుడు అకిరా తోరియామా గీసిన బొమ్మ అది. ఆ చిన్న తెర మీద పదహారు చుక్కల వెడల్పులో కూడా ఆ నవ్వు చెరగలేదు. మూడు మాన్‌స్టర్లు టెర్రీ వెనకాల వరసగా, బడికి వెళ్ళే పిల్లల్లా నడుస్తాయి. మనం మలుపు తిరిగితే అవీ ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. నేను ఒక్కోసారి ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా, అలా వాటిని తిప్పుతూ ఉండేవాణ్ణి.

బాబూ, మా గుంటడికి పదకొండేళ్ళు. మా తమ్ముడు తన పాత గేమ్‌బాయ్ ఇస్తే వేసవి సెలవుల్లో మీరు చెప్పిన ఈ ఆటే ఆడుతున్నాడు. మొన్న ఏదో రెండు జంతువుల్ని జత కట్టాడట, గుడ్డు వచ్చిందట, ఆ రెండూ మళ్ళీ కనబడలేదట. ఆ రాత్రి అన్నం తినలేదు, పడుకుని ఏడ్చాడు. ఏటిరా అంటే చెప్పడు. మర్నాడు నాకు మొత్తం చెప్పాడు. పిల్లల్ని ఇలా ఏడిపించే ఆటలు మంచివేనా? తీసేసి దాచేయమంటారా?
– ఒక తల్లి, చీపురుపల్లి దగ్గర పల్లె

అమ్మా, దాచేయకండి. మీ ఉత్తరం చదివి నేను కాసేపు ఏ పనీ చేయలేకపోయాను, ఎందుకంటే మీ అబ్బాయి ఏడ్చిన చోటే నేనూ ఏడ్చాను.

మా మేనమామ ఓడలో పనిచేసేవారు. ఓసారి వచ్చినప్పుడు విజయనగరంలో మా ఇంటికి ఆ గేమ్‌బాయ్, ఈ ఒక్క క్యాసెట్టూ తెచ్చారు. దానికి రెండు పెన్సిల్ సెల్స్ కావాలి. తెరకి సొంత వెలుతురు లేదు, కాబట్టి పగలు అరుగు మీద ఎండ పక్కన కూర్చుని, సాయంత్రమైతే వీధి లైటు కిందకి జరిగి, కరెంటు పోతే లాంతరు దగ్గర పెట్టుకుని ఆడేవాణ్ణి. ఆట మొదట్లో మనకి ఒక స్లైమ్‌ని ఇస్తారు, దాని పేరు స్లిబ్. నెల రోజులు దాన్ని వదల్లేదు. తర్వాత ఒక పక్షి దొరికింది. జత కట్టించడానికి రెండూ పదో లెవెల్‌కి చేరాలి, ఒకటి ఆడా ఒకటి మగా అయ్యుండాలి. చేరాయి, ఆటలోని గుడికి తీసుకెళ్ళాను, అవును అని బటన్ నొక్కాను. గుడ్డు వచ్చింది. స్లిబ్ వెళ్ళిపోయింది. పక్షీ వెళ్ళిపోయింది. ఆట ముందే చెప్పింది, నేను ఇంగ్లీషు సరిగ్గా చదవలేదు.

అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే మా అమ్మమ్మ వచ్చింది. ఏమైందని అడిగితే చెప్పాను. ఆవిడకి ఆ ఆటేమిటో తెలీదు. కానీ, "మరి దాని పిల్లేదిరా?" అంది. అప్పటిదాకా నేను గుడ్డు సంగతే మర్చిపోయాను. చూపించాను. ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి అరటి చెట్టు చూపించింది. ముందురోజే గెల కోసి, తల్లి చెట్టుని మొదలంటా కొట్టేశారు. ఆ తెగిన మొదలు ఇంకా తడిగా, నీళ్ళు కారుతూ, ఉల్లిపొరల్లా లోపల గుండ్రాలు గుండ్రాలుగా ఉంది. దాని పక్కనే మోకాలెత్తు పిలక. ఆవిడ ఏమీ వివరించలేదు, పిలక చుట్టూ మట్టి సరిచేసి, ఒక చెంబుడు నీళ్ళు పోసి లోపలికి వెళ్ళిపోయింది.

గుడ్డు పొదిగిస్తే రెక్కలున్న స్లైమ్ వచ్చింది. మొదటి లెవెల్ నుంచి మళ్ళీ మొదలు. కానీ అది నేర్చుకునే విద్యల్లో స్లిబ్‌వీ ఉన్నాయి, ఆ పక్షివీ ఉన్నాయి. పుట్టుకతోనే కాస్త బలం ఎక్కువ. పక్కన ఒక ప్లస్ గుర్తు, ఒక అంకె ఉంటాయి. తరాలు గడిచేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది.

పోకెమాన్‌లో అయితే గుడ్డు వచ్చాక తల్లీ తండ్రీ మన దగ్గరే ఉంటాయి. పోయేదేమీ లేదు కాబట్టి వంద గుడ్లు తీసి తొంభై తొమ్మిది పారేసినా మనసుకేం అనిపించదు. ఇక్కడ ప్రతి జతకీ ఆలోచించాలి. ఈ ఇద్దర్నీ వదులుకోగలనా, పుట్టేది దానికి తగినదేనా, ఇంకో పది రోజులు వీటితో తిరుగుదామా అని. పిల్లల ఆటలో ఇంత బరువైన నిర్ణయం పెట్టి, దాన్ని పిల్లల చేతికే వదిలేసినవాళ్ళంటే నాకు గౌరవం.

అందుకని అమ్మా, మీ వాడికి ఒక రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనివ్వండి. వెళ్ళిపోయిన ఆ రెండింటి పేర్లు మొదటి పేజీలో పైన రాయమనండి, వాటి కింద గీత గీసి పిల్ల పేరు. పేరుకి నాలుగక్షరాలే పడతాయి, కాబట్టి బాగా ఆలోచించి పెట్టమనండి. ఆ పేజీ కిందికి పెరుగుతూ పోతుంది. నా నోట్‌బుక్‌లో స్లిబ్ నుంచి పద్నాలుగు తరాలున్నాయి. వాడు ఎప్పుడైనా చూపిస్తానంటే పని మానుకుని చూడండి, ఒక్క పావుగంట చాలు. ఏడవొద్దని మాత్రం అనకండి.

అన్నయ్యా, నా దగ్గర మూడు మాన్‌స్టర్లున్నాయి, మూడూ లెవెల్ ఇరవై దాటాయి. పోటీలు జరిగే అరీనాలో డి క్లాస్ దగ్గర ఆగిపోయాను. ఎన్నిసార్లు వెళ్ళినా చితక్కొట్టి పంపుతున్నారు. టెన్షన్‌తో పరీక్షలకి కూడా చదవలేకపోతున్నాను.
– ఇంటర్ విద్యార్థిని, పలాస

ముందు పరీక్షలు రాసేయమ్మా, అరీనా ఎక్కడికీ పోదు.

నీ తప్పు నీ ఉత్తరంలోనే ఉంది: ఆ మూడింటినీ ఇరవై దాటించావు, జత కట్టలేదు. పదో లెవెల్ దగ్గరే ఆలోచించాల్సింది. ఈ ఆటలో లెవెల్ కంటే తరం ముఖ్యం. రెండు తరాల తర్వాత పుట్టిన పదో లెవెల్ పిల్ల, నీ దగ్గరున్న ఇరవయ్యో లెవెల్ దాన్ని సులువుగా మించిపోతుంది.

రెండోది, వరస. ముందు ఎవర్ని ఎంచుకుంటావో, రెండోది ఎవర్ని ఎంచుకుంటావో దాన్నిబట్టి పుట్టేది మారిపోతుంది. పిల్ల సాధారణంగా మొదటిదాని కుటుంబానికే చెందుతుంది. స్లైమ్‌ని ముందు పెట్టి డ్రాగన్ని తర్వాత పెడితే డ్రాక్‌స్లైమ్, అదే డ్రాగన్ని ముందు పెడితే డ్రాగన్‌కిడ్. అంటు కట్టేటప్పుడు అడుగున ఏ మొక్క, పైన ఏ కొమ్మ అని చూసుకుంటారే, అంత జాగ్రత్త కావాలి. ఒక్కో మాన్‌స్టర్‌కి ఎనిమిది విద్యలే పడతాయి కాబట్టి, తల్లిదండ్రుల విద్యల్లో ఏవి ఉంచాలో ఏవి మర్చిపోవాలో ముందే కాగితం మీద వేసుకో.

కొత్తవి కావాలంటే పోరాటం మధ్యలో ఎదుటి మాన్‌స్టర్‌కి మాంసం విసురు, అది మన వైపు రావచ్చు. ఎండు మాంసం నుంచి ఖరీదైన ముక్కల దాకా దుకాణంలో ఉంటాయి. చవకది నాలుగుసార్లు వేయడం కంటే, నిజంగా కావాల్సిన దానికి మంచిది దాచి వేయడం నయం. జట్టులో గాయాలు మాన్పేది ఒకటి తప్పకుండా ఉండాలి, మూడూ కొట్టేవే అయితే అరీనాలో వరసగా జరిగే పోరాటాల్లో మూడోదానికి వచ్చేసరికి చతికిలపడతావు.

ఇంత మంచి ఆటైతే మాకెవరికీ ఎందుకు తెలియలేదు? ఇప్పుడు ఆడాలంటే ఎలాగ? పాత మిషన్లు కొనే ఓపిక నాకు లేదు.
– ప్రభుత్వ ఉద్యోగి, ఆమదాలవలస

తెలియకపోవడంలో మీ తప్పేం లేదండీ. ఆ రోజుల్లో మన వైపు వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే డబ్బా, అందులో పెట్టే పసుపు క్యాసెట్లు. గేమ్‌బాయ్ అనేది దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో ఎవరైనా తెస్తేనే చూసేవాళ్ళం. అమెరికాలో వచ్చిన వేళ కూడా దీనికి కలిసిరాలేదు. 2000 జనవరిలో ఇది వస్తే, అదే ఏడాది అక్టోబరులో పోకెమాన్ గోల్డ్, సిల్వర్ వచ్చాయి. జనం చూపంతా అటే.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 2001లో రెండో భాగం, ఆ తర్వాత నింటెండో డీఎస్ అనే చేతి మిషన్ మీద జోకర్ పేరుతో రెండు ఆటలు ఇంగ్లీషులో వచ్చాయి. జోకర్ రెండోది అమెరికాకి 2011లో చేరింది. ఆ తర్వాత పన్నెండేళ్ళు జపాన్ బయట ఏమీ లేదు. ఆ మధ్యలో 2012లో ఈ మొదటి ఆటనే దాని తర్వాతి మిషన్ త్రీడీఎస్ కోసం కొత్తగా, అందంగా మళ్ళీ చేశారు. అదీ జపనీస్‌లోనే ఉండిపోయింది. 2018లో పాత రూపాన్ని ఉన్నదున్నట్టు ఫోన్లకి తెచ్చారు. అదీ జపాన్‌కే. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒక తరం పిల్లలు మొత్తం దీన్ని చూడకుండానే పెద్దవాళ్ళయిపోయారు.

మీకు నేను చెప్పేది 2023 డిసెంబరు 1న నింటెండో స్విచ్ అనే మిషన్ మీద వచ్చిన 'ది డార్క్ ప్రిన్స్'. 2024 సెప్టెంబరులో అదే ఆట కంప్యూటర్‌కి, ఫోన్‌కి కూడా ఇంగ్లీషులో వచ్చింది. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. మాన్‌స్టర్లు అయిదొందలకు పైగా. కథ టెర్రీది కాదు, డ్రాగన్ క్వెస్ట్ నాలుగో భాగంలో ప్రతినాయకుడైన సారోది. రెండింటిని కలిపి మూడోదాన్ని తెచ్చుకునే పద్ధతి మాత్రం అదే, కలిపిన రెండూ వెళ్ళిపోవడం కూడా అదే. నా మనసు పాతదాని మీదే ఉన్నా, మొదటిసారి ఆడేవాళ్ళకి ఇది సులువు.

సార్, పాతికేళ్ళ కిందటి క్యాసెట్టు మా అన్నయ్య పెట్టెలో దొరికింది. ఆట తెరుచుకుంటోంది, కానీ పాత సేవ్ ఒక్కోసారి కనిపిస్తోంది, ఒక్కోసారి కనిపించడం లేదు. మా అన్నయ్య పెంచినవన్నీ అందులో ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. బాగుచేయించవచ్చా?
– పాఠకుడు, విజయనగరం

క్యాసెట్టు బాగానే ఉందండీ, బహుశా అందులో ఉన్న బటన్ సెల్ అయిపోవస్తోంది. ఆట ఉండే చిప్‌కి కరెంటు అక్కర్లేదు. సేవ్ ఉండే చిప్‌కి మాత్రం మిషన్ ఆపేసినప్పుడు కూడా సన్నగా కరెంటు అందుతూ ఉండాలి. ఇన్నేళ్ళూ ఆ చిన్న సెల్లే దాన్ని కాపాడింది. ఇది పూర్తిగా చచ్చిపోతే సేవ్ పోతుంది. సెల్ పీకినా పోతుంది. అందుకే తొందరపడి ఏ దుకాణానికీ ఇవ్వకండి.

ఈ జాగ్రత్త నేను అనుభవం మీద చెప్తున్నాను. మా ఊళ్ళో ఒక రిపేరు షాపులో నా క్యాసెట్టు ఇచ్చి, సేవ్ పోకూడదని రెండుసార్లు చెప్పి వచ్చాను. సాయంత్రం వెళ్ళేసరికి పాత సెల్ పీకేసి, కొత్తదాన్ని టేపుతో అంటించి ఇచ్చాడు. స్లిబ్ వంశం పద్నాలుగు తరాలూ ఆ టేపు చుట్టే లోపు పోయాయి. అతను కావాలని చేయలేదు, లోపల ఏముందో అతనికి తెలీదు. కానీ పోయింది పోయింది.

మీరు ఇలా చేయండి. ముందు సేవ్‌ని కంప్యూటర్‌లోకి దింపుకోవాలి. గేమ్‌బాయ్ క్యాసెట్టుని గుచ్చితే చదివే చిన్న రీడర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి తగిలించుకోవచ్చు. దింపిన ఫైలుని రెండు మూడు చోట్ల దాచండి. తర్వాత సెల్ మార్చాక అదే రీడర్‌తో తిరిగి లోపలికి ఎక్కించవచ్చు. క్యాసెట్టు వెనక స్క్రూకి మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. సెల్ నంబరు దాని మీదే ఉంటుంది, అదే నంబరుది, రేకు కాళ్ళు ముందే అతికించి ఉన్నది కొనండి. ఆ కాళ్ళనే బోర్డుకి సోల్డర్ చేయాలి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టనివ్వకండి, వేడికి పేలవచ్చు. టేపు వద్దు.

రీడర్ వచ్చే లోపు ఒక పని ఉంది. సేవ్ తెరుచుకున్న రోజు చూసి, క్యాసెట్టు కదపకుండా, కొత్త సెల్స్ వేసిన మిషన్‌తో కూర్చోండి. ఆటలో మాన్‌స్టర్లని ఉంచే ఫారంలో ప్రతిదాని దగ్గరికీ వెళ్ళి, మీ అన్నయ్య పెట్టిన ఆ నాలుగక్షరాల పేరు, అది ఏ జాతి, పక్కనున్న ప్లస్ అంకె, దాని విద్యలు కాగితం మీద రాసుకోండి. వీలైతే తెరని ఫోటో తీయండి. లైటు పక్కనుంచి పడేలా కూర్చుంటే తెర బాగా కనిపిస్తుంది, ఎదురుగా పడితే మెరిసిపోతుంది. అన్నీ రాసుకున్నాకే స్క్రూ ముట్టుకోండి. మీ అన్నయ్య తన స్లిబ్‌ని దేంతో జత కట్టించారో అందులో తెలిస్తే, నాకు రాయండి.